కరెంటు వచ్చాక సర్వర్ తనంతట తాను లేవాలంటే

బెంగళూరు

చిరంజీవి అల్లుడికి,

పీణ్యాలో ఆ వర్క్‌షాపుకి నువ్వు పెట్టిన హాజరు సర్వర్, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లేవడం లేదని రాశావు. పొద్దున షిఫ్టువాళ్లు వేలు పెట్టే మెషీన్ దగ్గర వరస కట్టి నిలబడుతున్నారంటే నీకెంత ఇబ్బందో అర్థమైంది. నువ్వు పంపిన సర్వీస్ ఫైలు, లాగు (ఏ క్షణాన ఏం జరిగిందో మెషీన్ రాసుకునే చిట్టా) రెండూ నిదానంగా చదివాను. ప్రోగ్రాములో తప్పు లేదు. నువ్వు లాగిన్ అయి చేత్తో నడిపితే ఏ పేచీ లేకుండా నడుస్తోంది కదా, మెలిక అక్కడే ఉంది. నువ్వు లాగిన్ అయ్యేసరికి నెట్‌వర్క్ వచ్చి ఉంటుంది, డేటాబేస్ లేచి ఉంటుంది. నీ పాత్ (ప్రోగ్రాముల్ని వెతికే దారుల జాబితా), నీ హోమ్ ఫోల్డరు, నీ పర్మిషన్లు నీ వెంటే వస్తాయి. బూట్ అయ్యే వేళ అక్కడ నువ్వు ఉండవు, నీ వెంట వచ్చేవీ ఉండవు. నీకు తెలియకుండానే నువ్వు చేత్తో అందిస్తున్నవాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి ఆ సర్వీస్ ఫైల్లో, అంటే యూనిట్ ఫైల్లో, రాసిపెట్టడమే ఈ పని మొత్తం.

లైనక్స్ జోలికి వెళ్లే ముందు బయోస్, అంటే లైనక్స్ కంటే ముందే లేచే బోర్డు సెట్టింగులు, చూడు. కరెంటు పోయి వచ్చాక పెట్టె ఆన్ కాకపోతే మనం ఎంత చక్కటి ఫైలు రాసినా చదివేవాళ్లు ఉండరు. ఒక్కో బోర్డులో ఒక్కో పేరుంటుంది: రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్, ఏసీ బ్యాక్, ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్. దాన్ని పవర్ ఆన్‌కి మార్చు. లాస్ట్ స్టేట్ అని ఇంకో ఎంపిక కనిపిస్తుంది, అది వద్దు. యూపీఎస్ బ్యాటరీ అయిపోతూ సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసిందనుకో, ఆఖరి స్థితి ఆఫ్ అని గుర్తుపెట్టుకుని కరెంటు వచ్చినా అలాగే ఉండిపోతుంది.

ఇక ఫైలు. బూట్‌లో సర్వీసుల్ని లేపి కనిపెట్టుకుని ఉండేది సిస్టమ్‌డీ, ఈ ఫైలు చదివేది అదే. నువ్వు దాన్ని /యూఎస్ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో పెట్టావు. అది ప్యాకేజీల చోటు. మనం సొంతంగా రాసేవి /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో ఉండాలి. ఒకే పేరుతో రెండుచోట్లా ఫైలుంటే ఈటీసీలోదే చెల్లుతుంది. పాతది తీసేసి, కొత్తది హాజరు.సర్వీస్ అనే పేరుతో ఇలా రాయి. నేను తెలుగులో రాస్తున్నానుగానీ నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా రాకుండా. అక్షరం తప్పితే సిస్టమ్‌డీ ఆగి చెప్పదు. తెలియని మాట అని లాగులో ఒక ముక్క రాసి ఆ లైను వదిలేసి ముందుకు పోతుంది.

[యూనిట్]
డిస్క్రిప్షన్=హాజరు సర్వర్
వాంట్స్=పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్
ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్

[సర్వీస్]
టైప్=ఎగ్జెక్
యూజర్=హాజరు
వర్కింగ్‌డైరెక్టరీ=/ఆప్ట్/హాజరు
ఎన్విరాన్‌మెంట్=పైథాన్‌అన్‌బఫర్డ్=1
ఎన్విరాన్‌మెంట్‌ఫైల్=/ఈటీసీ/హాజరు.ఈఎన్‌వీ
ఎగ్జెక్‌స్టార్ట్=/ఆప్ట్/హాజరు/వీఎన్వ్/బిన్/పైథాన్ /ఆప్ట్/హాజరు/సర్వర్.పీవై
స్టేట్‌డైరెక్టరీ=హాజరు
రీస్టార్ట్=ఆల్వేస్
రీస్టార్ట్‌సెక్=5

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

వాంట్స్, ఆఫ్టర్ రెండూ ఒకటే అనుకుని నువ్వు ఒక్క ఆఫ్టర్ రాసి వదిలేశావు. పెళ్లికి పిలవడం వేరు, పంక్తిలో ఎవరి తర్వాత ఎవరు కూర్చోవాలన్నది వేరు. వాంట్స్ పిలుపు. ఆఫ్టర్ వరస. పిలవకుండా వరస ఒక్కటే రాస్తే, అవతలి సర్వీసు వేరే కారణంగా లేచినప్పుడు మాత్రమే ఆ వరస పనికొస్తుంది. వరస లేకుండా పిలిస్తే రెండూ ఒకేసారి లేస్తాయి. వాంట్స్ బదులు రిక్వైర్స్ రాయమని చాలామంది చెబుతారు, నేను వద్దంటాను. రిక్వైర్స్ రాశాక డేటాబేస్ మొదటిసారి లేవలేకపోతే మన సర్వీసుని అసలు మొదలే పెట్టరు. మొదలే కానిదానికి రీస్టార్ట్ నియమం వర్తించదు. డేటాబేస్ రెండు నిమిషాలకు కోలుకున్నా మనది పడుకునే ఉంటుంది. వాంట్స్ అయితే మనది లేస్తుంది, డేటాబేస్ దొరక్క పడిపోతుంది, ఐదు సెకన్లకు మళ్లీ ప్రయత్నిస్తుంది. మనకు కావలసింది ఆ మొండితనమే.

ఉబుంటులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్ స్టేటస్ అడిగితే యాక్టివ్ ఎగ్జిటెడ్ అని వస్తుంది, కంగారుపడకు. అది పైతొడుగు మాత్రమే. అసలు డేటాబేస్ నడిచేది వెర్షన్ నంబరు, @ గుర్తు ఉన్న ఇంకో యూనిట్ కింద. మన ఆఫ్టర్‌కి ఆ తొడుగు పేరు సరిపోతుంది, ఎందుకంటే అసలు యూనిట్ లేచాకే తొడుగు పూర్తయినట్టు లెక్క.

ఇప్పుడు అసలు జబ్బు, నెట్‌వర్క్ దగ్గరకు వద్దాం. నీ లాగులో ఆ ఉదయం నాలుగు సెకన్లే మళ్లీ చూడు. 08:14:07కి నీ ప్రోగ్రాము 192.168.1.50 మీద 8080 పోర్టు పట్టుకోబోయి, కానట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్ (అడిగిన అడ్రసు ఈ మెషీన్‌కి లేదు) అని పడిపోయింది. 08:14:09 లోపల ఐదుసార్లు లేచి ఐదుసార్లు అదే మాటతో పడింది. వెంటనే స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ అని సిస్టమ్‌డీ చేతులెత్తేసింది. 08:14:11కి నెట్‌వర్క్‌డీ రాసిన లైనుంది చూడు, గెయిన్డ్ క్యారియర్ అని. అంటే కేబులు అవతల ఉన్న స్విచ్చి అప్పుడే లేచింది. కార్డుకి అడ్రసు వచ్చింది ఆ తర్వాతే. నీ సర్వీసు రెండు సెకన్లు తొందరపడింది.

నెట్‌వర్క్.టార్గెట్ తర్వాత అని రాశాను కదా, మరి ఎందుకిలా అయిందని నీ ప్రశ్న. ఆ పేరు అందరినీ పొరబాటు పడేస్తుంది. నెట్‌వర్క్ వచ్చిందని దాని అర్థం కాదు. నెట్‌వర్క్‌ని చూసుకునే సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టిందని మాత్రమే. దాని అసలు ఉపయోగం షట్‌డౌన్‌లో: మన సర్వీసు ఆగాకే నెట్‌వర్క్ ఆగుతుంది. అడ్రసు వచ్చేదాకా ఆగాలంటే నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ అని ఇంకోటుంది. దాన్ని వాంట్స్‌లోనూ ఆఫ్టర్‌లోనూ రెండుచోట్లా రాయాలి. ఎవరూ పిలవకపోతే అది బూట్‌లోకే రాదు.

అయినా పై ఫైల్లో నేను దాన్ని రాయలేదు, కావాలనే. నీ ప్రోగ్రాము ఒక ఫలానా అడ్రసు మీద కూర్చోవాలని పట్టుబట్టడం వల్లే ఇంత గొడవ. 192.168.1.50 బదులు 0.0.0.0 (ఈ మెషీన్‌కున్న అన్ని అడ్రసులూ అని అర్థం) మీద విను. అప్పుడు కార్డుకి అడ్రసు ఉన్నా లేకపోయినా పోర్టు దొరుకుతుంది, అడ్రసు ఎప్పుడు వస్తే అప్పటి నుంచి కనెక్షన్లు అందుతాయి. స్విచ్చి ఆలస్యమైనా, ఎవరో కేబులు ఊడదీసి మళ్లీ పెట్టినా నీ సర్వీసుకి పట్టదు. ఎవరు రావచ్చు ఎవరు రాకూడదు అన్నది ఫైర్‌వాల్‌కి వదిలెయ్. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో 192.168.1.0/24 నుంచి 8080 టీసీపీకి మాత్రం అనుమతి రాయి. యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్ కొట్టే ముందు ఎస్ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) అనుమతి ఇచ్చావో లేదో రెండుసార్లు చూసుకో, లేకపోతే నీ దారి నువ్వే మూసుకుని మళ్లీ పీణ్యా బస్సెక్కాలి. చేత్తో కొట్టిన ఐపీటేబుల్స్ రూల్స్, ఐపీ అడ్ర్ యాడ్‌తో ఇచ్చిన అడ్రసులు రీబూట్‌తో మాయమవుతాయి. యూఎఫ్‌డబ్ల్యూలో రాసినవి, నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల చోటు) రాసినవి ఉంటాయి.

వేరే ఎక్కడైనా ప్రోగ్రాము మనది కాకపోయి, ఫలానా అడ్రసే కావాలని అది మొండికేస్తే, సిస్‌సీటీఎల్‌లో (కెర్నెల్ సెట్టింగులు) నెట్.ఐపీవీ4.ఐపీ_నాన్‌లోకల్_బైండ్ = 1 అని పెడితే ఇంకా రాని అడ్రసు మీద కూడా కూర్చోనిస్తుంది. నెట్‌వర్క్-ఆన్‌లైన్‌ని మాత్రం లేస్తూనే బయటి సర్వర్‌తో మాట్లాడాల్సినవాటికి ఉంచుకో. అక్కడ కూడా దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. అడ్రసు వచ్చిందంటే ఇంటర్నెట్ వచ్చిందని కాదు. రూటర్ అవతల ఫైబర్ ఇంకా లేచి ఉండకపోవచ్చు.

నీ సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ పోర్టులున్నాయి, ఒకదానికే కేబులుంది. బూట్ రెండు నిమిషాలు ఆగిపోతోందని విడిగా రాశావు చూడు, దానికి కారణం ఇదే. నెట్‌ప్లాన్ ఫైల్లో రెండు కార్డులూ రాసి ఉంటే, కేబులు లేని రెండో కార్డు కోసం కూడా వెయిట్-ఆన్‌లైన్ సర్వీసు 120 సెకన్లు ఎదురుచూసి, రాలేదని ఫెయిల్ అవుతుంది. ఆ కార్డు కింద ఆప్షనల్: ట్రూ అని ఒక లైను చేర్చు, లేదా ఆ కార్డు ఊసే తీసెయ్. నెట్‌ప్లాన్ ఫైల్లో ట్యాబ్ కొట్టకు, స్పేసులే. హాజరు మెషీన్లన్నీ సర్వర్‌ని అడ్రసుతోనే వెతుక్కుంటాయి కాబట్టి డీహెచ్‌సీపీ (రూటర్ అడ్రసులు పంచే పద్ధతి) వదిలి 192.168.1.50ని అక్కడే స్థిరంగా రాసెయ్. రూటర్ కూడా అదే కరెంటు మీద, అదే సమయానికి లేస్తోంది. సర్వర్ అడ్రసు అడిగే వేళకు ఇచ్చే రూటరే నిద్రలో ఉండొచ్చు. స్థిరమైన అడ్రసుని రూటర్ పంచిపెట్టే వరసలోంచి తప్పించడం మరవకు, లేకపోతే అదే నంబరు ఇంకెవరి ఫోన్‌కో ఇచ్చేస్తుంది.

ఎగ్జెక్‌స్టార్ట్ లైను దగ్గర నువ్వు చేసిన తప్పులు రెండు. మొదటిది, షెల్ (కమాండ్లు కొట్టే చోటు) అలవాటుతో చివర > లాగ్.టీఎక్స్‌టీ అని రాశావు. ఇక్కడ షెల్ లేదు. పైపు, దారి మళ్లించే గుర్తు, రెండు యాంపర్సండ్లు ఏవీ పనిచెయ్యవు, అవి నీ ప్రోగ్రాముకి మామూలు మాటల్లా అందుతాయి. లాగు కోసం వేరే ఫైలు అక్కర్లేదు, ప్రింట్ చేసినదంతా సిస్టమ్‌డీ లాగు అయిన జర్నల్‌లోకి పోతుంది. పైథాన్ మాత్రం టెర్మినల్ లేనప్పుడు మాటలు కూడబెట్టుకుని ఎప్పుడో ఒకసారి కక్కుతుంది, అందుకే పైథాన్‌అన్‌బఫర్డ్=1 పెట్టాను. రెండోది, ప్రోగ్రాము నీ హోమ్ ఫోల్డర్లో ఉంది. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ ఫోల్డర్లు 750 పర్మిషన్‌తో వస్తున్నాయి, ఇంకో యూజర్ లోపల అడుగు పెట్టలేడు. /ఆప్ట్/హాజరుకి మార్చు. పాత వీఎన్వ్‌ని (ప్రోగ్రాముకి కావలసిన పైథాన్, ప్యాకేజీలు ఉండే ఫోల్డరు) కాపీ చెయ్యకు, దాని లోపలి స్క్రిప్టుల్లో పాత దారి అచ్చుపడి ఉంటుంది. కొత్త చోట కొత్తది చేసి ప్యాకేజీలు మళ్లీ వేసుకో.

హాజరు అనే యూజర్‌ని యూజర్‌యాడ్‌తో సిస్టమ్ యూజర్‌గా, షెల్ నోలాగిన్‌గా చెయ్యి. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, నడపొద్దు. 8080 పోర్టుకి రూట్ అవసరం లేదు. రేపు 80 కావాలంటారు, అప్పుడు కూడా యాంబియంట్‌కేపబిలిటీస్=క్యాప్_నెట్_బైండ్_సర్వీస్ అని ఒక లైను చాలు. ప్రోగ్రాము ఫైళ్లు రూట్ పేరనే ఉండనీ, హాజరు చదివితే చాలు. రాసుకోవాల్సినవి /వార్/లిబ్/హాజరులోకి. స్టేట్‌డైరెక్టరీ లైను ఆ ఫోల్డర్ని తనే చేసి, యజమానిని కూడా తనే మారుస్తుంది. పిడ్ ఫైలు, సాకెట్ ఫైలు లాంటివి /రన్‌లో నువ్వు చేత్తో చేసుకున్న ఫోల్డర్లో పెట్టావంటే రీబూట్‌తో ఆ ఫోల్డరే ఉండదు, ఎందుకంటే /రన్ ర్యామ్‌లో ఉండేది. దానికి రన్‌టైమ్‌డైరెక్టరీ అని వేరే లైనుంది.

డేటాబేస్ పాస్‌వర్డు నువ్వు నీ షెల్ మాత్రమే చదివే .బాష్ఆర్‌సీలో పెట్టావు. బూట్‌లో దాన్ని ఎవరూ చదవరు. /ఈటీసీ/హాజరు.ఈఎన్‌వీలోకి మార్చి, యజమాని రూట్, పర్మిషన్ 600 చెయ్యి. యూజర్ మారకముందే సిస్టమ్‌డీ దాన్ని రూట్‌గా చదివి అందిస్తుంది కాబట్టి హాజరుకి ఆ ఫైలు కనిపించక్కర్లేదు. అందులో లైను ముందు ఎక్స్‌పోర్ట్ అని రాయకు, ఆ లైను చెల్లదు.

రీస్టార్ట్ సంగతి. నువ్వు ఆల్వేస్ రాశావు, సెకన్లు రాయలేదు. రాయకపోతే 100 మిల్లీసెకన్లు. 10 సెకన్లలో 5సార్లు మొదలైతే ఇక చాలని ఆపేయడం సిస్టమ్‌డీకి మామూలు లెక్క. నీ ఐదు అవకాశాలూ రెండు సెకన్లలో కరిగిపోయింది అందుకే. ఐదు సెకన్ల విరామం పెడితే పది సెకన్లలో ఐదుసార్లు ఎలాగూ కుదరదు, కాబట్టి అది ఎప్పటికీ వదలదు. నువ్వు సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కొడితే మాత్రం ఆగుతుంది, ఆల్వేస్ అని రాసినా సరే.

టైప్ గురించి ఒక మాట. నువ్వు ఫోర్కింగ్ రాశావు. పిల్ల ప్రాసెస్‌ని పుట్టించి (దాన్నే ఫోర్క్ అంటారు) అది వెనక్కి వెళ్లిపోతే తండ్రి ప్రాసెస్ చనిపోయే పాతకాలపు డీమన్లకు (వెనక నడిచే ప్రోగ్రాములకు) అది. మన ప్రోగ్రాము అలా వెనక్కి వెళ్లదు. ఇంకా ఫోర్క్ కాలేదేమని సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి చంపేస్తుంది. సింపుల్ రాస్తే నడుస్తుందిగానీ, పైథాన్ దారి తప్పు రాసినా స్టార్ట్ కమాండు విజయవంతం అన్నట్టే తిరిగొస్తుంది. ఎగ్జెక్ అయితే ఆ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

ఫైలు సేవ్ చేశాక సిస్టమ్‌డీ-ఎనలైజ్ వెరిఫై తో ఒకసారి చూపించు, అక్షర దోషాలు పట్టిస్తుంది. తర్వాత డీమన్-రీలోడ్. ఇది మరిచిపోతే నువ్వు మార్చిన ఫైలు కాక పాతదే నడుస్తూ ఉంటుంది, గంటలు పోతాయి. ఆపైన సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ హాజరు. స్టార్ట్ ఇప్పటికి మాత్రమే, ఎనేబుల్ వచ్చే బూట్ నుంచి మాత్రమే, --నౌ రెండూ కలిపి చేస్తుంది. ఎనేబుల్ అంటే పెద్ద మంత్రమేం లేదు, మల్టీ-యూజర్.టార్గెట్.వాంట్స్ అనే ఫోల్డర్లో నీ ఫైలుకి ఒక సిమ్‌లింక్ (అసలు ఫైలుకి దారి చూపే గుర్తు) పడుతుంది, అంతే. ఎల్ఎస్ కొట్టి కళ్లారా చూసుకో. ఇన్‌స్టాల్ భాగం లేకపోతే ఆ లింకు ఎక్కడ వెయ్యాలో తెలియక ఎనేబుల్ ఊరుకుంటుంది, ఈజ్-ఎనేబుల్డ్ అడిగితే స్టాటిక్ అంటుంది.

లేవకపోతే స్టేటస్‌లో కనిపించే నంబరు చూడు. 203 ఎగ్జెక్ అంటే ఆ దారిలో ప్రోగ్రాము లేదు, లేదా నడిపే పర్మిషన్ లేదు, లేదా స్క్రిప్టు విండోస్‌లో రాసి తెచ్చావు. విండోస్ లైను చివర పెట్టే కనిపించని అక్షరం వల్ల మొదటి లైనులోని ఇంటర్‌ప్రెటర్ పేరే మారిపోతుంది. 200 అంటే వర్కింగ్‌డైరెక్టరీలోకి వెళ్లలేకపోయింది. 217 అంటే ఆ యూజర్ లేడు. మిగతా కథ జర్నల్‌సీటీఎల్ -యు హాజరు -బి లో ఉంటుంది. -బి -1 అంటే కిందటి బూట్. /వార్/లాగ్/జర్నల్ ఫోల్డరు ఉంటేనే పాత బూట్‌ల లాగు మిగులుతుంది, లేకపోతే ముందు దాన్ని చెయ్యి.

సర్వీసు బాగున్నా మెషీనే బూట్ మధ్యలో ఆగిపోయే దారి ఒకటుంది. బ్యాకప్ కోసం నువ్వు పెట్టిన యూఎస్‌బీ డిస్కుని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా) రాశావు. ఎవరైనా దాన్ని పీకి పట్టుకెళితే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి దిగిపోతుంది. అక్కడ కీబోర్డు ముందు మనిషి ఉండాలి, ఎస్ఎస్‌హెచ్ కూడా అందదు. ఆ లైను ఆప్షన్లలో నోఫెయిల్ అని చేర్చు. ఇది ఈరోజే చెయ్యి.

బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చెయ్. అది చచ్చిపోయి ఉంటే కరెంటు పోయినప్పుడల్లా గడియారం తప్పుతుంది. హాజరు సర్వర్‌కి గంట తప్పితే కూలీ లెక్క తప్పుతుంది, అది మనుషుల జీతం. ఇంటర్నెట్‌తో గడియారం సరిచూసుకున్నాక, అంటే టైమ్-సింక్.టార్గెట్ తర్వాత లేవమని రాసి, సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్‌ని ఎనేబుల్ చేసే పద్ధతి ఉంది, కానీ ఇంటర్నెట్ రాని రోజు అది అంతులేకుండా ఎదురుచూస్తుంది, హాజరే నిలిచిపోతుంది. ఇక్కడికి బ్యాటరీయే మంచిది.

క్రాన్‌లో @రీబూట్ పెట్టెయ్, ఆర్‌సీ.లోకల్‌లో రాసెయ్ అని ఎవరైనా అంటే వినకు. ఉబుంటు 2015లో 15.04తో సిస్టమ్‌డీకి మారింది, అంతకుముందు రాసిన సలహాలు అవి. అలా లేపినదాన్ని పడిపోతే మళ్లీ లేపే దిక్కుండదు.

పరీక్ష ఇలా చెయ్యి. రీబూట్ కొట్టి, సర్వర్‌లోకి లాగిన్ కాకుండా, పక్క కంప్యూటర్ నుంచి కర్ల్‌తో 192.168.1.50:8080 అడుగుతూ ఉండు. జవాబు వచ్చాకే లాగిన్ అయి సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్ చూడు, ఖాళీగా ఉండాలి. తర్వాత స్విచ్చి, రూటర్ ఆపేసి ఉంచి సర్వర్‌ని బూట్ చెయ్యి, ఐదు నిమిషాలకు వాటిని ఆన్ చెయ్యి, అప్పుడూ జవాబు రావాలి. చివరగా కరెంటు పరీక్ష. నడుస్తున్న సర్వర్ ప్లగ్గు పీకకు, డేటాబేస్ పాడవ్వచ్చు. రీబూట్ చేసి బయోస్ స్క్రీన్‌లోకి వెళ్లి అక్కడ ఆగు. ఆ సమయంలో డిస్కు మీద రాత ఏదీ జరగదు. అప్పుడు ప్లగ్గు తీసి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టి, బటన్ ముట్టుకోకుండా చూడు. ఇవన్నీ షిఫ్టు లేని ఆదివారం పెట్టుకో, వర్క్‌షాపు మేస్త్రీకి ముందే చెప్పు. అయ్యాక సిస్టమ్‌డీ-ఎనలైజ్ క్రిటికల్-చెయిన్ హాజరు.సర్వీస్ అవుట్‌పుట్ నాకు పంపు, ఎక్కడ ఎన్ని సెకన్లు పోతున్నాయో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య